టెక్నికల్ ఇచ్చే చెయ్యి: ఓ డ్రిల్లు మాస్టారి అనుభవ పాఠాలు

జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. మా మెట్టలో ఆటల పోటీలంటే ముందు కబడ్డీ, ఆ తర్వాత వాలీబాల్. బాస్కెట్‌బాల్ మాట మూడోది. కోర్టులే తక్కువ, అందులో సిమెంటు కోర్టులు మరీ తక్కువ. మట్టి నేల, సున్నం గీత, తుప్పు పట్టిన రింగు. వల ఉంటే ఉంది, లేకపోతే లేదు. అక్కడ కూడా ఆట సాగాలంటే విజిల్ పట్టుకునేవాడు ఒకడుండాలి. ఆ పని ఏళ్ల తరబడి చేశాను. ఇప్పుడు కుర్ర పీఈటీలు ఇంటికొచ్చి, "మాస్టారూ, టెక్నికల్ ఎప్పుడివ్వాలి, ఎప్పుడు దిగమింగాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

మామూలు ఫౌల్ ఒంటికి ఒళ్లు తగిలితే వస్తుంది. టెక్నికల్ తగలకుండానే వస్తుంది: నోటితో, చేత్తో, మొహంతో, ఒక్కోసారి కాగితంతో. తగిలిన దెబ్బ నలుగురికీ కనిపిస్తుంది. తగలని దాన్ని చూసి విజిల్ ఊదినవాడే నలుగురికీ జవాబు చెప్పుకోవాలి.

1. ఆ రోజు ఏ పుస్తకమో ముందు తేల్చుకోండి

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పోటీలన్నీ అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూల్సు మీదే నడుస్తాయి. స్కూలు పిల్లల పోటీలైనా, కాలేజీ కుర్రాళ్లవైనా మేం పట్టుకున్నది ఆ పుస్తకమే. అంతవరకు తగాదా లేదు. తగాదా అంతా ఏ సంవత్సరం పుస్తకం అన్న దగ్గర వస్తుంది. 2014కి ముందు పుస్తకంలో టెక్నికల్‌కి రెండు ఫ్రీత్రోలు, ఆపైన బంతి కూడా అవతలి జట్టుకే. 2014లో ఫ్రీత్రోలు ఒకటికి తగ్గించి, బంతిని మాత్రం అలాగే ఉంచారు. ఇంకొన్నేళ్లకి దాన్నీ తీసేశారు. ఇప్పుడు ఒక్క ఫ్రీత్రో వేయించి, ఆట ఆగినప్పుడు బంతి ఎవరిదో మళ్లీ వాళ్లకే ఇస్తాం.

2022 ఏప్రిల్‌లో మేం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. ఇప్పటికీ మావాళ్లలో చాలామంది దరఖాస్తు మీద పాత జిల్లా పేరే రాస్తారు. రూల్సూ అంతే. ఎవరు ఏ ఏడు ట్రైనింగయ్యారో ఆ ఏటి రూలు వాళ్ల చేతిలో ఉండిపోతుంది.

ఓసారి జగ్గయ్యపేటలో ఫైనల్ మ్యాచ్. నాతో రెండో రిఫరీ బయటి ఊరాయన, నాకన్నా పెద్దాయన, మంచి ఆటగాడు కూడాను. విజిల్ కొట్టి టెక్నికల్ చూపించాను. టేబుల్ వైపు తిరిగి నేనొక వేలు చూపిస్తే, వెనక నుంచి ఆయన రెండు వేళ్లు చూపించాడు. స్కోరరు కుర్రాడు పెన్ను గాలిలో పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరు కోచ్‌లూ టేబుల్ దగ్గరికి వచ్చేశారు, ఎవరికి లాభమైన వేలు వాళ్లు పట్టుకున్నారు. ఆయన చెప్పింది తప్పు కాదు, ఆయన నేర్చుకున్న ఏడు అదే రూలు. చివరికి ఎంట్రీ ఫారం తీయించాం. దాని మీద "ప్రస్తుత ఫిబా రూల్స్" అని ఒక ముక్క అచ్చు వేసి ఉంది. ఆ ముక్క లేకపోతే ఆ రోజు ఆట అక్కడే ఆగిపోయేది.

మ్యాచ్‌కి ముందు రెండో రిఫరీతో, స్కోరరుతో, టైమరుతో కలిసి రెండు నిమిషాలు నిలబడండి. మూడు ప్రశ్నలు చాలు: టెక్నికల్‌కి ఎన్ని ఫ్రీత్రోలు, తర్వాత బంతి ఎవరిది, ఎన్ని టెక్నికల్సయితే మనిషి బయటికి వెళ్లాలి. మూడింటికీ ఒకే జవాబు వచ్చాకే బంతి ఎగరేయండి.

2. టీవీలో చూసింది మన కోర్టులో చెల్లదు

తెల్లవారుజామున ఫోనులో అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ చూసి వచ్చిన కుర్రాడు ఆటలో ఎంత ముందుంటాడో, వాదనలోనూ అంతే ముందుంటాడు. "సార్, డిఫెన్సువాడు మూడు సెకన్లు రింగు కింద నిలబడ్డాడు, టెక్నికల్ ఇవ్వండి" అంటాడు. ఎన్‌బీఏలో అది నిజమే. డిఫెన్సు ఆటగాడు ఎవరినీ కాచుకోకుండా పెయింటులో మూడు సెకన్లు మించి నిలబడితే టెక్నికల్. 2001–02 సీజన్ నుంచి అక్కడ ఆ రూలుంది. ఫిబాలో డిఫెన్సుకి ఆ మూడు సెకన్ల రూలే లేదు, అటాక్ చేసే జట్టుకే ఉంది.

ఇంకో తేడా కుర్రాళ్లకి అసలు తెలియదు. ఎన్‌బీఏలో టెక్నికల్ ఆటగాడి ఆరు ఫౌల్సులో కలవదు. మన దగ్గర ఆటగాడికి పడిన టెక్నికల్ వాడి ఐదు ఫౌల్సులోనూ కలుస్తుంది, జట్టు ఫౌల్సులోనూ కలుస్తుంది. నాలుగు ఫౌల్సున్నవాడు నోరు జారితే నేరుగా బెంచీ మీదికే.

అక్కడ నోటి దురుసుకి డబ్బు కట్టిస్తారు. మొదటి ఐదు టెక్నికల్సుకి ఒక్కోదానికి రెండు వేల డాలర్లు, ఆపైన పెరుగుతూ పోతుంది, ఒకే సీజన్లో పదహారు అయితే ఒక మ్యాచ్ సస్పెన్షన్. అయినా 2000–01 సీజన్లో రషీద్ వాలెస్ అనే ఆయన 41 టెక్నికల్స్ తెచ్చుకున్నాడు. డబ్బున్నవాడికి జరిమానా ఒక లెక్కా? మన పిల్లల దగ్గర జరిమానా కట్టడానికి డబ్బూ లేదు, అడగడానికి మనకి హక్కూ లేదు. మన చేతిలో ఉన్నవి ఒక విజిలు, ఒక ఫ్రీత్రో.

3. శిక్ష బరువైతే విజిల్ మూగబోతుంది

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇదే, అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను.

రెండు ఫ్రీత్రోలూ బంతీ ఇచ్చే రోజుల్లో ఒక టెక్నికల్ విలువ ఎంతో లెక్కేయండి. రెండు ఫ్రీత్రోలు పడితే రెండు పాయింట్లు. ఆపైన చేతికొచ్చిన బంతితో త్రీ పాయింటర్ కొడితే ఇంకో మూడు. మొత్తం ఐదు. పెద్ద జట్ల ఆటలో ఐదు పాయింట్లు పెద్ద లెక్క కాదు. మా స్కూలు పిల్లలు నలభై దాటితే గొప్ప. అక్కడ ఐదు పాయింట్లంటే మ్యాచే.

అందుకే అప్పట్లో రిఫరీలు టెక్నికల్ ఇచ్చేవాళ్లు కాదు. మొదటి క్వార్టర్‌లో కోచ్ గొణిగితే విననట్టు ఉండేవాళ్లు. రెండో క్వార్టర్‌లో గొణుగుడు అరుపయ్యేది. మూడో క్వార్టర్‌లో బెంచీ మీద ఉన్నవాళ్లంతా లేచేవాళ్లు. చివరి నిమిషంలో ఇక తట్టుకోలేక విజిల్ ఊదితే ఐదు పాయింట్ల దెబ్బ. అప్పుడు జనం రిఫరీ మీద పడేవాళ్లు: "ఇంతసేపూ లేనిది ఇప్పుడెందుకయ్యా?" ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఎందుకంటే వాళ్లడిగింది న్యాయమే.

శిక్ష ఒక్క ఫ్రీత్రోకి దిగాక నేను చూసిన మార్పు ఇది: రిఫరీలు తొందరగా ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటి క్వార్టర్‌లోనే, మెత్తగా, గొంతు పెంచకుండా. పోయేది ఒక్క పాయింటు. కోచ్‌కి అర్థమవుతుంది, ఆటకి దెబ్బ తగలదు. శిక్ష తగ్గిస్తే క్రమశిక్షణ పోతుందని మొదట్లో నాతో వాదించినవాళ్లున్నారు. నా అనుభవంలో తిరగబడింది. బరువైన శిక్షని ఎవరూ వాడరు, వాడని శిక్షకి ఎవరూ భయపడరు.

కబడ్డీవాళ్లు ఈ సంగతి మనకన్నా ముందే పట్టుకున్నారనిపిస్తుంది. పచ్చకార్డు చూపించి హెచ్చరిస్తారు, పసుపు కార్డుతో రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు, ఎర్రకార్డుతో ఇంటికే. మెట్టు మెట్టుగా ఉంటే రిఫరీకి మొదటి మెట్టు ఎక్కడానికి భయముండదు. బాస్కెట్‌బాల్‌లోనూ కొన్నిటికి ముందు హెచ్చరిక ఉంది. గోలు పడ్డాక బంతిని కావాలని తాకి ఆట ఆలస్యం చేయడం, అవతలివాడు తగలకుండానే పడిపోయినట్టు నటించడం లాంటివి. మొదటిసారి హెచ్చరిస్తాం, ఆ హెచ్చరిక కోచ్‌కి చెబుతాం, ఆ మాట జట్టు మొత్తానికీ ఆట అయ్యేదాకా చెల్లుతుంది. రెండోసారి వేరేవాడు చేసినా టెక్నికలే. ఈ చివరి ముక్క కోచ్‌లకి మీరే గుర్తు చేయాలి. లేకపోతే "మావాడు మొదటిసారే కదా సార్" అంటారు.

తిట్టుకి మాత్రం హెచ్చరిక అక్కర్లేదు.

4. మర్యాద మాటలో లేదు

జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు అవతలికి వెళితే కోదాడ, అటు పక్క ఖమ్మం. ఆ జట్లు మా పోటీలకి వచ్చేవి, మేం వాళ్ల పోటీలకి వెళ్లేవాళ్లం. కోదాడ కుర్రాడు చేతులు చాచి "ఏందన్నా ఇది" అంటే అది తిట్టు కాదు, వాడి బాధ. అదే మా వైపు కోచ్ ఒకాయన నవ్వు మొహంతో, "మాస్టారు గారికి కాస్త చత్వారం వచ్చినట్టుంది, పెద్దవారు కదా" అన్నాడు, బెంచీ అంతా వినేలాగ. ఒక్క కటువు మాట లేదు. గారు ఉంది, వారు ఉంది. నేను టెక్నికల్ ఇచ్చాను. ఆయన ఆశ్చర్యపోయాడు, "నేనేమన్నానండీ?" అన్నాడు. ఏమన్నాడో బెంచీకి తెలుసు, వాళ్లప్పటికే నవ్వుతున్నారు.

నేను చూసేది మూడే. మాట నాకు చెప్పాడా, జనానికి వినిపించాడా? ఒకసారి అని ఆపాడా, సాగదీస్తున్నాడా? నా నిర్ణయాన్ని అన్నాడా, నన్ను అన్నాడా? "అది ఫౌల్ కాదు సార్" అనేది నిర్ణయం మీద మాట, వదిలేస్తాను. "మీకు వాళ్లే కావాలిలెండి" అనేది నా మీద మాట, వదలను.

ఇక్కడ మా ఊళ్ల ఇబ్బంది ఇంకోటుంది. ఆటగాళ్లలో సగం మంది నన్ను సార్ అంటారు, కొందరు బాబాయ్ అంటారు, ఇద్దరు ముగ్గురు నిజంగానే బాబాయ్ అనాల్సినవాళ్లు. కోర్టులో బాబాయ్ అని పిలిచినవాణ్ణి ఆటకి ముందే పక్కకి పిలిచి, "విజిల్ మెడలో ఉన్నంతసేపూ సారే" అని చెప్పేవాణ్ణి. అవతలి జట్టు ఒక్క బాబాయ్ విన్నదంటే మన పద్దెనిమిది నిర్ణయాలు సరైనవైనా, పంతొమ్మిదోది అనుమానమే.

5. మాట్లాడే హక్కు ఎవరిదో చెప్పండి

ఫిబా పద్ధతిలో ఆట ఆగి, గడియారం ఆగి ఉన్నప్పుడు, కెప్టెన్ మర్యాదగా వచ్చి ఏం జరిగిందో అడగొచ్చు. కోచ్ తన బెంచీ దగ్గర నిలబడొచ్చు. మిగతా అందరూ కూర్చోవాలి. ఈ సంగతి సగం జట్లకి తెలియదు. ఐదుగురూ చుట్టుముడతారు. నేను చేసే పని చిన్నది. చెయ్యెత్తి "కెప్టెన్ ఎవరు?" అంటాను. నలుగురు వెనక్కి జరుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో తప్పిన టెక్నికల్స్ ఎన్నో.

బెంచీ మీద ఎవడో అరిచాడు, ఎవడో తెలియలేదు. వెతక్కండి. అది కోచ్ ఖాతాలోకి వెళ్తుంది, స్కోర్‌షీటు మీద కోచ్ గడిలో బి అని రాస్తారు. కోచ్ స్వయంగా అంటే సి. రెండు సి లు పడితే కోచ్ బయటికి. బి లు కలిసి మూడైనా బయటికే. ఇది ఆటకి ముందే చెప్పి ఉంచితే కోచే తన బెంచీని కాచుకుంటాడు, మీ పని సగం తగ్గుతుంది.

6. ముందు టేబుల్, తర్వాత కోపం

విజిల్. గడియారం ఆపించడం. రెండు చేతులతో టి గుర్తు, అరచెయ్యి కనిపించేలా. ఆ తర్వాత ఎవరి మొహం వైపూ చూడకుండా టేబుల్ దగ్గరికి నడక. నంబరు, టి, ఒక వేలు. స్కోరరు ఆటగాడి గడిలో టి రాసి పక్కన చిన్న ఒకటి వేశాడో లేదో కళ్లతో చూసుకోవాలి. ఆ చిన్న అంకె ఎన్ని ఫ్రీత్రోలో చెబుతుంది. ఆట అయ్యాక ప్రొటెస్ట్ రాస్తే చూసేది ఆ గడినే. మా పోటీల్లో స్కోరరుగా ఎవరో తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి కూర్చోబెడతారు. వాడికి ఒక క్వార్టర్‌కి ఎర్ర ఇంకు, ఒకదానికి నీలం ఇంకు వాడాలన్న సంగతే కొత్త. వాడి మీద విసుక్కోకండి. వాడు రాసిందే రేపటికి మిగిలేది.

టి చూపించేటప్పుడు చేతులు ఆటగాడి మొహంలోకి పొడవకూడదు. చాలామంది కుర్ర రిఫరీలు టీవీలో చూసి అలా చేస్తారు. మీరు కోపంతో ఇచ్చారని జనం అనుకున్న క్షణాన అది శిక్ష కాదు, తగాదా.

7. ఏ ఫ్రీత్రో ముందు?

పరీక్షలో అడగదగ్గ ప్రశ్న, ఎక్కువమంది తప్పు చెప్పే ప్రశ్న కూడా. షూటింగులో ఫౌల్ అయ్యింది, రెండు ఫ్రీత్రోలు ఉన్నాయి. అవి వేయకముందే ఫౌల్ చేసిన జట్టువాడు నోరు జారి టెక్నికల్ తెచ్చుకున్నాడు. ఏది ముందు వేయించాలి?

ఇప్పటి ఫిబాలో టెక్నికల్ ఫ్రీత్రో ముందు, వెంటనే. దాన్ని కోచ్ చెప్పిన ఏ ఆటగాడైనా వేయొచ్చు, లైను మీద ఎవరూ నిలబడరు. అది అయ్యాక మిగతా రెండూ, ఆగిన చోటి నుంచి. అమెరికా హైస్కూలు రూల్సులో ఏ తప్పు ముందు జరిగితే దాని ఫ్రీత్రోలే ముందు. తేడా చిన్నదనిపిస్తుంది. కానీ చివర్లో వేసిన ఫ్రీత్రోని బట్టే ఆట మళ్లీ ఎలా మొదలవుతుందో తేలుతుంది. అక్కడ టెక్నికల్ చివర వస్తే దాని రెండు ఫ్రీత్రోల తర్వాత బంతి సగం గీత దగ్గర సైడులైను నుంచి లోపలికి వస్తుంది. ఇక్కడ మామూలు రెండో ఫ్రీత్రో తప్పితే రీబౌండు కోసం దూకుతారు.

8. న్యూజెర్సీ జిమ్ములో నేర్చుకున్నది

మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు మనవడి హైస్కూలు మ్యాచ్ చూడ్డానికి తీసుకెళ్లారు. అద్దంలాంటి చెక్క నేల, ముగ్గురు రిఫరీలు, నా మనవడి స్నేహితుల్లో సగం మంది తెలుగు పిల్లలే. ఆట మొదలవకముందే అవతలి జట్టువాడు ఒక్కడే రెండు ఫ్రీత్రోలు వేస్తున్నాడు. బంతి ఎగరేయనేలేదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఏమిటంటే, మావాళ్ల కోచ్ స్కోరుపుస్తకంలో ఒక పిల్లాడి నంబరు తప్పు రాసి, గడువు దాటాక దిద్దాడట. అది టెక్నికల్. రెండు ఫ్రీత్రోలు, ఆపైన బంతి.

పక్కన కూర్చున్న తెలుగాయన, ఎవరి తండ్రో, "అన్యాయం కదండీ అంకుల్" అన్నాడు. నాకూ మొదట అలాగే అనిపించింది. మన ఫిబాలో నంబరు తప్పయితే దిద్దుకుంటాం, శిక్ష లేదు. మా పిల్లలు కబడ్డీ బనియన్లు, వాలీబాల్ బనియన్లు వేసుకొచ్చి ఆడిన రోజులు నాకు తెలుసు. ఆ రూలు ఇక్కడ పెడితే ప్రతి మ్యాచూ ఫ్రీత్రోలతోనే మొదలయ్యేది. ఇంకో చిత్రం, అక్కడి హైస్కూలు పిల్లల బనియన్ల మీద ఐదు దాటిన అంకె ఉండకూడదు. రిఫరీ చేతివేళ్లతో చూపించడానికి వీలుగా పెట్టుకున్న రూలు అది. ఫిబాలో ఒకప్పుడు 4 నుంచి 15 దాకానే నంబర్లు. ఇప్పుడు 99 దాకా ఏదైనా వేసుకోవచ్చు.

అక్కడి పుస్తకంలో నాకు నచ్చినవీ ఉన్నాయి. కోచ్‌కి టెక్నికల్ పడితే మిగతా ఆటంతా ఆయన లేవకూడదు, కూర్చునే నడపాలి. నలుగురి ముందు కూర్చోవడం మా కోచ్‌లకి ఫ్రీత్రో కన్నా పెద్ద శిక్ష. టెక్నికల్‌కి ముందు కోచ్‌కి ఒక హెచ్చరిక ఇచ్చి దాన్ని స్కోరుపుస్తకంలో రాసే పద్ధతి కూడా ఉంది. ఇది మనం తెచ్చుకోదగ్గది. నోటితో ఇచ్చిన హెచ్చరికని "మాకెప్పుడు చెప్పారు?" అనేవాళ్లుంటారు, రాసిన హెచ్చరికని అనలేరు.

రెండు ఫ్రీత్రోలూ బంతీ మాత్రం నాకు నచ్చలేదు. అక్కడి రిఫరీ ఒకాయన మూడో క్వార్టర్‌లో ఒక కోచ్ అరుపుల్ని ఎంతసేపు భరించాడో చూశాను. మా పాత రోజులే కళ్ల ముందు కదిలాయి.

9. లేని టైమ్ అవుట్ అడిగినవాడు

1993 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్‌లో అమెరికా కాలేజీల ఫైనల్. మిషిగన్ జట్టు నార్త్ కరోలినా కన్నా రెండు పాయింట్లు వెనక ఉంది, పదకొండు సెకన్లున్నాయి. మిషిగన్ ఆటగాడు క్రిస్ వెబర్ బంతి పట్టుకుని మూలలో చిక్కుకుని టైమ్ అవుట్ అడిగాడు. వాళ్ల దగ్గర టైమ్ అవుట్లు అయిపోయాయి. టెక్నికల్. రెండు ఫ్రీత్రోలు, బంతి. నార్త్ కరోలినా 77–71తో గెలిచింది.

ఫిబాలో ఆ ప్రమాదం జరగదు. టైమ్ అవుట్ ఆటగాడు అడిగితే చెల్లదు. కోచో, మొదటి అసిస్టెంటు కోచో టేబుల్ దగ్గరికి వెళ్లి అడగాలి. కోటా అయిపోతే టేబుల్ వాళ్లు లేదంటారు, అంతటితో సరి. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాడు కంగారులో చెయ్యెత్తినందుకు ఏడాది కష్టం పోవడం న్యాయమా అని నన్ను అడిగితే, కాదంటాను. బుద్ధి లేని పనికీ బుద్ధి తక్కువ ప్రవర్తనకీ ఒకే శిక్ష వేసే పుస్తకం నాకు రుచించదు.

10. నవ్వుకి టెక్నికల్ ఇవ్వొద్దు

2007 ఏప్రిల్‌లో ఎన్‌బీఏలో టిమ్ డంకన్ అనే మహా నెమ్మదస్తుడైన ఆటగాడు బెంచీ మీద కూర్చుని నవ్వాడు. జోయీ క్రాఫర్డ్ అనే పేరున్న రిఫరీ రెండో టెక్నికల్ ఇచ్చి బయటికి పంపాడు. తర్వాత లీగువాళ్లు డంకన్‌కి జరిమానా వేశారు, కానీ క్రాఫర్డ్‌ని ఆ సీజన్ మిగిలిన రోజులన్నిటికీ పక్కన పెట్టారు. అంత అనుభవమున్న మనిషి.

నవ్వు మీ గురించేనని మీకెలా తెలుసు? వాడు పక్కవాడి జోకుకి నవ్వుండొచ్చు. మీ గురించే నవ్వినా, ఆ నవ్వు మీకు తప్ప ఎవరికీ తగలకపోతే దాన్ని మీరే ఉంచుకోండి. నవ్వుతూ వేలెత్తి చూపించాడా, అప్పుడు సరే.

11. జనం

సంక్రాంతి పోటీల్లో ఆట చూసేవాళ్లలో సగం మంది మిరప కోతల మధ్యలో లేచి వచ్చినవాళ్లే, గొంతులకేం తక్కువ లేదు. జనం తిట్టారని జట్టుకి టెక్నికల్ రాయకండి. మనకి ఆ దారి లేదు. ఆట ఆపి నిర్వాహకుల్ని పిలవడమే దారి. అమెరికా హైస్కూలు పుస్తకంలో అభిమానులు ఆట సాగనివ్వకపోతే వాళ్ల జట్టుకే ఫౌల్ రాసే అధికారం రిఫరీకి ఇచ్చారు. మా దగ్గర ఆ అధికారం ఉంటే అవతలి జట్టు అభిమానుల మధ్యకి మనుషుల్ని పంపించి అరిపించే తెలివైనవాళ్లున్నారు.

బహుమతులిచ్చే పెద్దమనిషి మైకులో "రిఫరీ గారు కాస్త చూసి ఊదాలి" అంటే? నేను బంతి చంకలో పెట్టుకుని నిలబడేవాణ్ణి. మైకు ఆగేదాకా ఆట మొదలుపెట్టేవాణ్ణి కాదు. అంతే.

12. సొంత పిల్లల్ని తిట్టే కోచ్

దీని మీద రూలుపుస్తకాలు పెద్దగా పట్టించుకోవు, నాకు మాత్రం పట్టింపు. ఆడపిల్లల మ్యాచ్‌ల్లో కోచ్ తన జట్టు పిల్లనే, రింగు తప్పిందని, నలుగురూ వినేలా నానా మాటలంటాడు. అది నా మీద మాట కాదు, అవతలి జట్టు మీద కాదు. అయినా ఆట మర్యాదకి తగలదా? మొదటిసారి దగ్గరికి వెళ్లి "కోచ్ గారూ, ఆ మాట నాకు వినపడింది" అనేవాణ్ణి. రెండోసారి అంటే టి. ఒక్కరూ ప్రొటెస్ట్ రాయలేదు.

13. రెండో రిఫరీ మీ వాడే

1891 డిసెంబరులో నైస్మిత్ ఈ ఆటకి రాసిన పదమూడు రూల్సులోనే ఇద్దరున్నారు. ఒకరు మనుషుల్ని చూడాలి, ఒకరు బంతిని చూడాలి. రెండో ఫౌల్ చేసినవాడు తర్వాతి గోలు పడేదాకా బయట నిలబడాలని కూడా అందులోనే రాశాడు. అంటే ప్రవర్తనకి వేరే కళ్లు కావాలని ఆటతో పాటే పుట్టిన ఆలోచన. మీ తోటి రిఫరీ తిట్లు తింటుంటే మీరు చూస్తూ ఊరుకోకండి. తిట్టు తిన్నవాడు ఇచ్చే టెక్నికల్ కన్నా పక్కవాడు ఇచ్చేది చల్లగా ఉంటుంది, ఎవరూ పగ అనలేరు.

14. త్రీ బై త్రీ పోటీలు పెట్టండి

ఒక రింగు ఉన్న స్కూళ్లకి ఇది సరిపోయే ఆట. ముగ్గురేసి, సగం కోర్టు, పది నిమిషాలు లేదా ఇరవై ఒక్క పాయింట్లు. మైదానంలో కోచ్ అసలు ఉండకూడదు. పెద్దవాళ్లు లేకపోతే పిల్లలు ఎంత తక్కువ పోట్లాడుకుంటారో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది.

15. పోటీలు పెట్టేవాళ్లకి ఒక మనవి

ఈ సంక్రాంతికి నందిగామలోనో జగ్గయ్యపేటలోనో బాస్కెట్‌బాల్ పెడుతున్న కమిటీలవాళ్లు కరపత్రంలో దాతల పేర్లు, ఫొటోలు ఎలాగూ వేస్తారు. వాటి కింద ఒక్క లైను కూడా వేయించండి: ఏ సంవత్సరం ఫిబా రూల్సు, టెక్నికల్‌కి ఎన్ని ఫ్రీత్రోలు, తర్వాత బంతి ఎవరిది. ఆ లైనుకి అచ్చు ఖర్చు ఏమీ పెరగదు. స్కోరరుకి రెండు రంగుల పెన్నులు కొనివ్వండి. రిఫరీ కుర్రాళ్లకి భోజనం మ్యాచ్‌కి ముందే పెట్టండి, తర్వాత కాదు.